అడిగి తెచ్చుకున్న ఈశాన్యం

నాకు కోపం ఎక్కువని మా వీధిలో అందరికీ తెలుసు. తెలియనివాళ్లెవరైనా మిగిలి ఉంటే ఈ మధ్య వాళ్లకీ తెలిసిపోయింది. అయితే ఈసారి కోపం నా అంతట నేను తెచ్చుకున్నది కాదండీ, పనిగట్టుకుని తెప్పించారు. మీరే వినండి. విన్నాక తప్పు నాదంటే ఒప్పుకుంటాను. ఒప్పుకోనులెండి, ఊరికే అన్నాను.

నా పేరు విక్టోరియా. ఉంగుటూరు దగ్గర మా ఊళ్లోనే చిన్నపిల్లల బడిలో టీచర్ని. మా ఆయన అహరోను గారికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు తాడేపల్లిగూడెం వెళ్లాలి. ఆటో దొరికితే ఆటో, లేకపోతే బస్సు. తిరిగొచ్చేటప్పుడు ఆయన నా భుజం మీద తల వాల్చేస్తారు, పిలిచినా పలకరు. ఒకరోజు బస్సు దిగుతూ మెట్టు మీద నుంచి పడిపోయారు. మోచెయ్యి చీరుకుపోయి రక్తం ఒకటే కారడం. ఆ రోజే తేల్చుకున్నాను, ఈ ఇల్లు అమ్మేసి గూడెంలో ఆసుపత్రి పక్కన రెండు గదులైనా కొనుక్కోవాలని. ఇది అమ్మితేనే అది కొనగలం. వేరే దారి లేదు మాకు.

కొనడానికి ఏలూరు నుంచి అనిల్ కుమార్ అని ఒకాయన వచ్చారు. మర్యాదస్తుడు. ఇల్లు నచ్చింది, కాలవ మీద నుంచొచ్చే గాలీ నచ్చింది. టేపు పట్టి స్థలం కొలిచారు. దస్తావేజు చూసి మళ్లీ కొలిచారు.

"ఏవండీ, ఉత్తరం వైపు దస్తావేజులో ఉన్నదానికీ ఇక్కడ ఉన్నదానికీ మూడడుగులు తేడా వస్తోందండీ. పైగా వాయవ్యం మూల తెగిపోయింది. ఇలాగైతే మా ఇంట్లో ఒప్పుకోరండీ" అన్నారు.

వాయవ్యం తెగిపోయిందట! అది ఎలా తెగిందో చెబుతాను.

మాకు పడమటి పక్క ఇల్లు పాండురంగారావు గారిది. పదమూడేళ్ల క్రితం ఆయన భార్య నాగరత్నం గారికి పెద్ద జబ్బు చేసింది. వాళ్లు తిరగని ఆసుపత్రి లేదు. చివరికి ఎవరో వాస్తు సిద్ధాంతి వచ్చి, మీ ఇంటికి ఈశాన్యం తగ్గింది, ఆ మూల కాస్త తూర్పుకి పెంచితే గానీ మనిషి దక్కదని చెప్పాడు. వాళ్లకి తూర్పున ఉన్నది మేమే కదా. ఒక సాయంత్రం ఆవిడ గోడలు పట్టుకుని నడుచుకుంటూ మా వరండాలోకి వచ్చి కూర్చున్నారు. మనిషిలో ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు.

"టీచరు గారండీ, ఉత్తరం కొసన మూడడుగులు జరిపితే చాలంటండీ. దక్షిణానికి వచ్చేసరికి ఏమీ పోదట. గోడ ఏటవాలుగా పెట్టుకోనిస్తారా అండీ? స్థలం మీదేనండీ. మీరెప్పుడు కావాలంటే అప్పుడు తీసేస్తాం" అన్నారు. వెనకాల పాండురంగారావు గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

మాకు ఈశాన్యాల పట్టింపు లేదు, ఆగ్నేయాల పట్టింపూ లేదు. ఆదివారం చర్చికెళ్లి ప్రార్థన చేసుకునేవాళ్లం. అయినా చావుబతుకుల్లో ఉన్న మనిషి ఇంటికొచ్చి అడుగుతుంటే అడుగులు లెక్కపెడతామా? "కట్టుకోండమ్మా" అన్నారు మా ఆయన. అంతే. కాగితం లేదు, సంతకం లేదు. వాస్తు కోసం పక్కవాళ్లు అడుగు జరిగితే మా వైపు ఎవరూ రాయించుకోరు. రాయించుకుంటే మనిషిని నమ్మనట్టు. ఆవిడ బతికారు. మందుల వల్ల బతికారని నేనంటాను, మూల వల్ల బతికానని ఆవిడంటారు. ఎలాగైతేనేం, బతికారని సంతోషించాను.

అనిల్ కుమార్ గారు వెళ్లగానే నేను పక్కింటికి వెళ్లి సంగతి చెప్పాను. "దాందేముందండీ, అబ్బాయితో ఒకమాట అనుకుని చెబుతానండీ" అన్నారు పాండురంగారావు గారు. అబ్బాయంటే చరణ్‌తేజ. ముదినేపల్లి వైపు చేపల చెరువులు లీజుకి తీసుకుని చేస్తున్నాడు. నాలుగు రాళ్లు వచ్చేసరికి కళ్లు నెత్తికెక్కాయి. సాయంత్రం వాడే వచ్చి, కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"గోడ కట్టి పన్నెండేళ్లు దాటిపోయింది ఆంటీ. పన్నెండేళ్లు మా అనుభవంలో ఉంటే ఇంక అది మాదే. చట్టం అలాగే ఉంది."

వాడు నాకు చట్టం చెబుతున్నాడు. నాకు! నేను తేరుకునేలోపే వాడు ఇంకో మాట వదిలాడు.

"తగువులో ఉన్న ఇల్లు బయటివాళ్లు ఎవరు కొంటారు చెప్పండి? మేమే తీసుకుంటాం. సగం ధరకి ఇచ్చేయండి. చేపల మేత బస్తాలు పెట్టుకోవడానికి పనికొస్తుంది."

అదీ సంగతి! మా ఆయన మంచం వేసిన గదిలో మేత బస్తాలు! లోపల ఆయన ఇదంతా వింటున్నారని కూడా లేదు వాడికి. చీపురు అందుకునేదాన్నే గానీ, ఆయన గదిలోంచి "విక్టోరియా" అని పిలిచారు. ఆగిపోయాను.

మర్నాడు ఏలూరు వెళ్లి లాయరు ఆనంద్ పాల్ గారిని కలిశాను. పన్నెండేళ్లయితే నా స్థలం వాడిదైపోతుందా అని అడిగాను.

"అవదండీ. మీ స్థలం ఆక్రమించుకుని, మీకు తెలిసేలా, ఇది మాది, మీకు హక్కు లేదు అని ఎదురుతిరిగి పన్నెండేళ్లు కూర్చుంటేనే ఆ వాదన నిలుస్తుంది. అడిగి తీసుకున్నదయితే ఎన్నేళ్లున్నా మీదేనండీ."

"హమ్మయ్య! మరింకేమండీ?"

"మేము అడగలేదు అంటారు. అప్పుడు కోర్టు. కోర్టంటే ఏళ్లండీ. ఈలోపు మీ ఇల్లు ఎవరూ కొనరు."

మా ఆయన కిడ్నీలు ఏళ్ల తరబడి వాయిదాలు తీసుకుంటాయా? అదే అడిగాను. దానికి లాయరు గారు, "మీ అనుమతితోనే గోడ పెట్టామని ఆ ఇంటి సొంతదారు రాసి సంతకం పెడితే కోర్టు అక్కర్లేదు. ఆదివారం నేనొస్తాను, కూర్చుని మాట్లాడదాం" అన్నారు.

ఆదివారం వాళ్ల వరండాలోనే కూర్చున్నాం. నాగరత్నం గారు కాఫీలు తెచ్చి ఇస్తున్నారు. ఆనంద్ పాల్ గారు నెమ్మదిగా విషయం ఎత్తారు. ఆయన పది మాటలంటే చరణ్‌తేజ వంద మాటలన్నాడు. అన్నీ వాడే. అనుభవమట, హక్కట, సుప్రీంకోర్టట. తండ్రి గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు. ఎంతసేపని వింటాను?

"పాండురంగారావు గారూ, మీరు చెప్పండి" అన్నాను. "దౌర్జన్యంగా లాక్కుంటేనే అది మీదవుతుందట. లాక్కున్నారా? ఆవేళ మా వరండాలో చేతులు కట్టుకుని నిలబడ్డది లాక్కోవడానికేనా? నా మొహం చూసి చెప్పండి."

"చెప్పు నాన్నా" అన్నాడు కొడుకు.

ఆయన నా మొహం చూడలేదు. "ఆక్రమించుకున్నామండీ" అన్నారు.

అండీ! ఒళ్లంతా మంట పెట్టినట్టయింది నాకు. ఇంత పచ్చి అబద్ధానికి మర్యాదొకటి! లేచి నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. చూడనీ అని ఇంకా గట్టిగా తిట్టాను.

ఆనంద్ పాల్ గారు నన్ను కూర్చోబెట్టి, సంచీలోంచి తెల్లకాగితం తీశారు. "సరేనండీ. ఆ మాటే రాసివ్వండి. ఇంతకీ మీ ఇంటి దస్తావేజు ఎవరి పేరున ఉంది?"

"నాన్న పేరునే" అన్నాడు చరణ్‌తేజ.

"నా పేరునండీ" అన్న మాట వినపడింది గుమ్మంలోంచి.

అందరం అటు తిరిగాం. నాగరత్నం గారు ఖాళీ గ్లాసుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నారు. "మా పుట్టింటివాళ్లు నాకు పసుపు కుంకుమ కింద కొనిచ్చిన స్థలమండీ ఇది. ఇంటిపన్ను కూడా నా పేరునే వస్తుంది."

చూశారా! అంతసేపటి నుంచీ మేమందరం ఆ ఇంటి గురించి కొట్టుకుంటుంటే, ఆ ఇంటి యజమాని మాకు కాఫీలు అందిస్తోంది. కొడుక్కి ఆ సంగతే తట్టలేదు. భర్తకి తెలిసీ నోరు విప్పలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ ఆవిణ్ని ఒక్క మాట అడగలేదు.

"నేను ఆక్రమించుకోలేదండీ" అన్నారావిడ. "అడిగాను. వాళ్లిచ్చారు. ఆ కాగితం ఇలా ఇవ్వండి."

"అమ్మా!" చరణ్‌తేజ లేచాడు. "ఆ మూల పోతే నువ్వు బతకవు! సిద్ధాంతి చెప్పింది మర్చిపోయావా?"

ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. పళ్లెం పట్టుకునే ఆ మూల వైపు చూశారు. మీకూ నాకూ అది ఉత్త గోడ. ఆవిడకి అదే ప్రాణం. రోజూ పొద్దున్నే ఆ మూలని కడిగి దీపం పెట్టుకునే మనిషి. అది తెలిసే, సరిగ్గా చూసుకుని కొట్టాడు వాడు. మేత బస్తాలకి చోటు కావాలని కన్నతల్లి ప్రాణభయాన్ని అడ్డం పెట్టాడు!

"ఒరేయ్, నువ్వు మనిషివేనా!" అని మళ్లీ లేచాను.

నాగరత్నం గారు చెయ్యి పైకెత్తి నన్నాపారు. కొడుకు వైపు తిరిగి, "ఆవిడిచ్చిన నేల మీద ఇన్నేళ్లు బతికానురా. అక్కడ వాళ్లాయన బస్సుల్లోంచి పడిపోతుంటే, ఇంకా ఎన్నాళ్లు బతకమంటావు దాని మీద?" అన్నారు. పళ్లెం కింద పెట్టి, పమిటకి చెయ్యి తుడుచుకుని, మమ్మల్ని అడిగే గోడ పెట్టామని రాసి సంతకం పెట్టారు. ఆనంద్ పాల్ గారు చూపించిన చోటల్లా పెట్టారు.

తర్వాతి వారం ఇద్దరు కూలీలు వచ్చి గోడ పడగొట్టారు. అనిల్ కుమార్ గారు టేపు పట్టుకుని వచ్చి, కొలత సరిపోయిందని, రిజిస్ట్రేషన్‌కి ముహూర్తం పెట్టించుకుంటానని చెప్పి వెళ్లారు. ఇంట్లో మా ఆయనకి చెబితే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నాకూ సంతోషంగానే ఉండాలి. కానీ కోపం తగ్గలేదు. నా నేల నాకు రావడానికి ఒక ఆడమనిషి తన ప్రాణం వదులుకుంటున్నాననుకోవలసి వచ్చింది. ఆ మగాళ్లిద్దరికీ ఏం పోయింది? గోడ పడుతున్నంతసేపూ ఒకరు పొలం వెళ్లారు, ఒకరు చెరువుల మీదికి వెళ్లారు.

ఆవిడొక్కరే నిలబడి ఉన్నారు, ఇటుకల మధ్యన. నేను దాటి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఇదంతా ఒట్టి భ్రమండీ, మీకేం కాదండీ అని గట్టిగా చెబుదామనుకున్నాను. ఆ మొహం చూశాక ఆ మాట మానేశాను.

"టీచరు గారండీ" అన్నారావిడ, నాకు మాత్రమే వినపడేలా. "నాకేమైనా అయితే, మా అబ్బాయిని మాత్రం ఏమీ అనకండి. అననని మాటివ్వండి."

నేను ఇవ్వలేదు.