కలత నిద్ర

తలుపు గడియను ఆమె రెండు చేతులతో తీసింది. ఎడమచేత్తో కాస్త ఎత్తిపట్టి కుడిచేత్తో జరిపితే ఇనుముకు ఇనుము తగలదు. ఆ ఇంట్లో గిన్నెల కింద పాత గుడ్డ పరిచి ఉంటుంది. కుర్చీ కాళ్ళకు రబ్బరు తొడుగులు, తలుపు బందులకు వారానికోసారి నూనె. పంపుకు తువ్వాలు చుట్టి బకెట్టులోకి వదిలితే నీళ్ళు గుడ్డ వెంట జారి దిగుతాయే తప్ప దబదబలాడవు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఇవన్నీ ఆమె ఒక్కొక్కటిగా కనిపెట్టుకున్నవే. ఎవరూ నేర్పలేదు.

ఆమె భర్త నూలుమిల్లులో రాత్రిపని చేసేవాడు. యంత్రాల హోరులో నిలబడి నిలబడి, తెల్లవారాక వచ్చి పడుకునేవాడు. ఉన్నది ఒకటే గది, దాన్ని ఆనుకుని వంటిల్లు. ఆయనది కలత నిద్ర. చెవుల్లో దూది పెట్టుకున్నా, చెంచా జారితే లేచి కూర్చునేవాడు. తిట్టేవాడు కాదు, ఎర్రబడ్డ కళ్ళతో ఊరికే చూసేవాడు. ఆ చూపుకన్నా నాలుగు తిట్లు నయమనిపించేది ఆమెకు. పెళ్ళికి ముందు పని చేసుకుంటూ పాడే అలవాటుండేది. కాపురానికొచ్చిన రెండో వారంలోనే అది పోయింది. కూతురు పుట్టాక, పిల్ల గుక్కపట్టిందంటే చంకనేసుకుని మెట్ల మీదికి పరుగెత్తేది. "వాళ్ళింటికి పిల్లి కూడా చెప్పులు విప్పి వస్తుంది" అని పక్కింటామె నవ్వేది. ఆ కూతురు పెళ్ళయి ఇప్పుడు వేరే ఊళ్ళో ఉంటోంది. ఫోనులో మాట్లాడిందంటే వీధంతా వినబడుతుంది.

ఆయన మిల్లు మానేసి ఆరేళ్ళయింది. నూలుదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందన్నారు. నెల్లాళ్ళుగా మంచం దిగడం లేదు. "ఇక మందులు మన తృప్తికేనమ్మా" అని డాక్టరు ఆమెను వరండాలోకి పిలిచి చెప్పాడు.

ఆ ఉదయం బిళ్ళలు స్టూలు మీద సర్ది ఆమె వెనక్కి తిరగబోతుంటే ఆయన కళ్ళు తెరిచాడు.

"ఏమే... ఉన్నావా?"

"ఇక్కడే ఉన్నాను కదండీ."

"ఉన్నట్టే తెలియట్లేదు." ఊపిరి కూడదీసుకున్నాడు. "ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నట్టుంటుంది. కాస్త చప్పుడు చేస్తూ ఉండవే."

ఆమె వంటింట్లోకి వెళ్ళి గ్లాసు తీసుకుని, గట్టు మీద గట్టిగా పెడదామనుకుంది. చెయ్యి విసురుగానే దిగింది. చివర్లో దానంతటదే నెమ్మదించింది. గ్లాసు పువ్వులా వాలింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అంతే. బస్సు వేళ మించిపోతోంది. మధ్యలో రెండుసార్లు చూసి వెళ్ళమని పక్కింటామెకు తాళంచెవి ఇచ్చి బయల్దేరింది.

తూకపు రాళ్ళను సరిచూసే ప్రయోగశాలలో ఆమె అటెండరు. అంగళ్ళలో వాడే రాళ్ళ నిజం తేల్చడానికి వాటికన్నా నికార్సయిన రాళ్ళుంటాయి. ఆ నికార్సయిన రాళ్ళ నిజం తేల్చేది నేలమాళిగలోని ఒక గదిలో. అక్కడ గాజుపెట్టెలో సన్నటి త్రాసు ఒకటుంది. పక్కన ఎవరైనా తుమ్మితే దాని ముల్లు అరగంట దాకా కుదుటపడదు. ఆమె ఉద్యోగంలో చేరిన నెలకే, ఆ నడక చూసి, అప్పటి పెద్దసారు "ఈమెను కిందికి వెయ్యండి" అన్నాడు. అప్పట్నుంచి ఇరవై ఆరేళ్ళుగా, తోలు చుట్టిన పట్టకారుతో రాయిని పళ్ళెంలో పెట్టడం, తీయడం, గోడకు ఆనుకుని నిలబడటం ఆమె పని. ఆఫీసులో అందరూ ఆమెను మెత్తక్క అంటారు. ఇంట్లో నేర్చిన విద్యే అక్కడ అన్నం పెట్టింది.

రాయి పెట్టాక గాలి సర్దుకునేదాకా ఇరవై నిమిషాలు గది బయట ఆగాలి. బయటి బల్ల దగ్గర చిన్నమేడం కాగితాలు ముందేసుకుని కూర్చుంది. కొత్తగా వచ్చిన అధికారి. సిబ్బంది కోసం తెలుగులో ఒక చిన్న పుస్తకం రాస్తోంది.

"మెత్తక్కా, ఒక మాట సాయం చెయ్యి. ముల్లు తన మానాన తాను ఊగుతుంటే ఏదో వచ్చి చెదరగొడుతుంది చూడు, దాన్ని పర్టర్బేషన్ అంటారు. పదకోశంలో 'విక్షోభం' అనుంది. అది రాస్తే మనవాళ్ళు అక్కడితో పుస్తకం మూసేస్తారు. మీ ఇంట్లో ఏమంటారు?"

"మా ఇంట్లో అలాంటివి జరగనివ్వమమ్మా."

మేడం పకపకా నవ్వింది. ఆమె వేళ్ళు మడుస్తూ చెప్పింది.

"నీళ్ళకైతే కలక అంటాం. నిద్రకైతే కలత. మనిషికైతే కలవరం. ముల్లుకు మీరే పెట్టాలి పేరు."

"దేనికి పట్టిందో చూసి పేరు పెడతారన్నమాట!" మేడం మూడూ రాసుకుంది. "ఆకాశంలోనూ ఇదే మాట వాడతారక్కా. ఒక గ్రహం తన దారిన తాను పోతుంటే ఇంకో గ్రహం లాగుతుంది. దారి వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. ఏళ్ళ తరబడి అలా జరిగి జరిగి ఎక్కడో తేలుతుంది."

"లాగే దానికి తెలుస్తుందా, లాగుతున్నానని?"

"గ్రహాలకేం తెలుస్తుంది! కానీ ఇది దాన్ని లాగితే అదీ దీన్ని లాగుతుంది. ఒకసారి ఒక గ్రహం అనుకున్న చోట కనబడకపోతే, లెక్కలు కట్టి, కంటికి ఆనని ఇంకో గ్రహం ఉందని పట్టుకున్నారు."

"చప్పుడు చెయ్యకపోయినా ఉన్నట్టు తెలిసిందన్నమాట" అంది ఆమె. ఆ గొంతులో ఏదో విని మేడం తలెత్తింది. అప్పటికే ఆమె గది తలుపు తీస్తోంది.

ఆ రోజు మేడం లోపలికొచ్చి ఎంత చూసినా ముల్లు కుదరలేదు. కుడికి ఎంత ఊగిందో రాసుకునేలోగా ఎడమ లెక్క తప్పుతోంది. పైన లారీ ఏమైనా ఆగిందేమోనని కనుక్కున్నారు. ఏదీ లేదు. మూడోసారీ అదే తంతు. ఆమె తన చేతులవైపు చూసుకుంది. వణకడం లేదు. కానీ గడ్డం తడిగా ఉంది. ఊపిరి ఎగశ్వాసలా వస్తోంది. అది తనకే ఇప్పుడు తెలిసింది.

"నేనేనమ్మా" అని మెల్లగా చెప్పి బయటికి వెళ్ళిపోయింది. తూకం మధ్యలో ఆమె గది దాటడం ఇరవై ఆరేళ్ళలో అదే మొదలు.

కాసేపటికి లోపల్నుంచి "కుదిరింది" అని మేడం గొంతు వినబడింది. తర్వాత మేడం బయటికొచ్చి ఆమె ముఖం చూసింది.

"ఇంటికెళ్ళక్కా. ఈ పూటకు నేను చూసుకుంటాను."

నాలుగింటికి ఆమె ఇంటి మెట్లెక్కుతుంటే పక్కింటామె ఎదురై తాళంచెవి ఇచ్చింది. "ఇందాకే నీళ్ళు తాగించాను. నువ్వెప్పుడొస్తావని అడిగారు అన్నయ్యగారు. మళ్ళీ పడుకున్నారు."

బస్సులోనే ఆమె ఒక నిశ్చయానికి వచ్చింది. తాళం తీసి గడియను ఒంటిచేత్తో లాగింది. అది ఠంగుమంది. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆమె నేరుగా వంటింట్లోకి వెళ్ళి గిన్నెల కింది గుడ్డ లాగేసింది. గిన్నెలు ఒకదానిమీదొకటి దొర్లాయి. పళ్ళేన్ని గట్టు మీద పడేసింది. పంపు బార్లా తిప్పింది. ఖాళీ బకెట్టు డప్పులా మోగింది.

"వినబడుతోందా?" అని వంటింట్లోంచే కేకేసింది. "చాలా? ఇంకా కావాలా?"

నవ్వొచ్చింది. ఆయన ముసిముసిగా నవ్వుకుంటూ ఉంటాడనుకుంది. పాలు పొయ్యి మీద పెట్టి, ఎప్పటిదో ఒక పాట ఎత్తుకుంది. గొంతు బొంగురుపోయింది. రెండో చరణం గుర్తు రాలేదు. మొదటిదే తిప్పి తిప్పి పాడింది.

పక్కింటామె ఆదరాబాదరాగా పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది వదినా? ఏమైంది?"

"ఏం కాలేదు. ఆయనే చెయ్యమన్నారు" అంది ఆమె, చేతిలో గరిటెతో గుమ్మం దాకా ఎదురొచ్చి నవ్వుతూ.

పక్కింటామె నవ్వలేదు. ఆమె భుజం మీదుగా మంచంవైపు చూస్తోంది. చూస్తూ చూస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆమె పొయ్యి ఆర్పింది. గరిటెను గట్టు మీద పెట్టింది. ఎక్కడా చప్పుడు కాలేదు. మునివేళ్ళ మీద నడిచి మంచం దగ్గరికి వెళ్ళి, దుప్పటి మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు ఆగింది. త్రాసు దగ్గర ఆగినట్టే ఆగింది. చేతి కింద ఏదీ కదల్లేదు.

కూతురికి ఫోను చేస్తానని పక్కింటామె వెళ్ళింది. ఆమె మంచం పట్టె మీద కూర్చుని ఆయన జుట్టు సర్దింది. చెవి దగ్గర చెయ్యి ఆగిపోయింది. మిల్లులో చేరిన రోజు నుంచీ చెవుల్లో దూది పెట్టుకోకుండా ఆయన కన్ను మూసింది లేదు. నిన్నరాత్రి కూడా తనే ఉండలు చేసి ఇచ్చింది. ఇప్పుడు ఆ చెవి ఖాళీగా ఉంది. తల మెల్లగా తిప్పి చూసింది. రెండో చెవీ ఖాళీయే.

స్టూలు మీద, మందుబిళ్ళల పక్కన, కాస్త పసుపెక్కిన రెండు దూది ఉండలు ఆయన చెవుల ఆకారంలోనే ఉన్నాయి.