ఎల్లవ్వ తాపిన నీళ్లు

విమలమ్మ టీచరు పని నుంచి దిగిపోయి పదేండ్లు దాటింది. సిద్దిపేటలో కూతురు ప్రమీల ఇంట్లో ఉంటూ, చుట్టుపక్కల పిల్లలకు లెక్కలు చెబుతూ కాలం గడుపుతున్నది. ఈమధ్య మతిమరుపు మొదలైంది. పొద్దున ఏం తిన్నదో మధ్యాహ్నానికి గుర్తుండదు. చిన్నప్పటి మిషన్ బోర్డింగు మాటెత్తితే మాత్రం నిన్న జరిగినట్టు చెబుతుంది.

ఆ కథ ఇంట్లో అందరికీ నోటికి వచ్చు. బోర్డింగు వంటింట్లో రెండు నీళ్ల కుండలుండేవి. పెద్ద కులాల పిల్లలకొకటి, మాలమాదిగ వాడల నుంచి వచ్చిన పిల్లలకొకటి. పొద్దున ప్రార్థనలో ప్రభువు ముందర అందరం ఒక్కటే అని గొంతు కలిపి పాడినోళ్లే, దూపైతే ఎవరి కుండ దగ్గరికి వాళ్లు పోవాలె. తొమ్మిదేండ్ల విమల జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే తెలియక పెద్దోళ్ల కుండలో నీళ్లు తాగింది. వంటామె కొండవ్వ పొయ్యిలో గంటె కాల్చి చేతి మీద వాత పెట్టింది. ఇదీ కథ.

తొంభై రెండో సంవత్సరం ఎండకాలంలో, తన దగ్గర చదువుకున్న పిల్ల పెండ్లని విమలమ్మ ఒక్కతే హుస్నాబాద్ దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో అక్కన్నపేటకు పోయింది. భోజనాలయ్యాక పందిరి కింద ఆడవాళ్లు చుట్టూ చేరి "టీచరమ్మా, మీ కాలంల చదువులు ఎట్లుండె?" అని అడిగిన్రు. ఆమె మళ్లీ ఆ కథే ఎత్తుకున్నది.

"అరవై ఏండ్లు కావస్తున్నయి. మచ్చ మాసిపోయింది గనీ, మంట మాసిపోలే" అని కుడిచెయ్యి చాపి చూపించింది.

పక్కన ఎంగిలి ఇస్తార్లు తీస్తున్న ముసలమ్మ ఒకామె పని ఆపి నిలబడ్డది.

"వాత నీకు గాదే విమలా. నాకు" అన్నది.

"ఎవరవ్వా నువ్వు?"

"ఎల్లిని. నీ పక్కపొంటి చాప మీద పండుకునేదాన్ని."

ఎల్లవ్వ కొంగు తొలగించి చెయ్యి ముందుకు పెట్టింది. మణికట్టు పైన, జానెడు పొడుగున, ముడతలు పడ్డ మచ్చ. ఆడవాళ్లంతా దగ్గరికి జరిగి చూసిన్రు.

"నీకు జరమొచ్చింది. దూప దూప అని ఏడుస్తున్నవు. మన కుండల సుక్క నీళ్లు లేవు. నేనే గా పెద్దోళ్ల కుండల ముంచుకొచ్చి నీకు తాపిన. కొండవ్వ వచ్చి ఎవ్వతె ముట్టిందే అని అడిగింది. నువ్వు నన్ను చూపెట్టినవు."

కాదని చెబుదామనుకున్నది విమలమ్మ. పెదవులకు తగిలిన సత్తు గిలాస చల్లదనం ఇన్నేండ్లూ గుర్తున్నది. ఆ గిలాస ఎవరి చేతిలో ఉందో మాత్రం ఒక్కనాడూ ఆలోచించలేదు. లేచి కూర్చునే ఓపిక కూడా లేని పిల్ల, వంటింటి దాకా ఎట్ల నడిచిపోయింది?

"నేనే చూపెట్టిన్నా?"

"నువ్వే. భయపడ్డవు, పసిదానివి. నాకు తెల్వదా."

"మల్ల నువ్వేమైనవే ఎల్లీ?"

"మా బాపు తెల్లారి వచ్చి తోలుకపోయిండు. మల్ల బడి మొకం చూడలే. నాట్లు, కలుపులు, కోతలు, గంతే. నువ్వు టీచరమ్మవైనవని ఎవరో చెప్తే సంబురపడ్డ. అబద్ధమెందుకు, ఏడ్సిన గూడ."

విమలమ్మ ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నది. "తప్పైందే" అన్నది.

ఎల్లవ్వ మెల్లగా చెయ్యి విడిపించుకున్నది. "రెండో బంతి కూసుంటుండ్రు. ఇస్తార్లు తియ్యాలె" అని వంగి పనిలో పడ్డది.

ఇంటికి రాగానే విమలమ్మ చెప్పులైనా విడవకుండా కూతురికి అంతా చెప్పింది. ప్రమీల ఆమె నుదురు ముట్టి చూసింది.

"ఎండకు పోవద్దంటే ఇనవు గదమ్మా. వాత నీకే పెట్టిన్రని వందసార్లు చెప్పినవు."

"కాదు బిడ్డా, ఎల్లికి."

"ఎల్లి ఎవ్వలు? నా పుట్టుక నుంచి ఒక్కసారన్న గా పేరు ఎత్తినవా?"

ఎత్తలేదు. ప్రమీల లోపలికి పోయి, అమ్మకు మతిమరుపు ఇంకింత ఎక్కువైందని, దవాఖానకు తీసుకపోవాలని భర్తతో చెప్పడం వినబడుతూనే ఉన్నది. డాక్టరు గోలీలు రాసిండు.

లెక్కలకొచ్చే పిల్లలకు విమలమ్మ నిజం చెప్పింది. నీళ్లు తెచ్చింది ఎల్లి, తాగింది నేను, చూపెట్టింది నేను, కాలింది ఎల్లికి అని, ఎక్కం అప్పజెప్పినట్టు వరుస తప్పకుండా చెప్పేది. అక్కన్నపేటకు మళ్లీ పోతానంటే ఇంట్లో ఒక్కదాన్ని పంపలేదు, తోడు పోయే తీరిక ఎవరికీ లేకపోయింది.

వానకాలం దాటి చలి మొదలయ్యేసరికి మాట తడబడసాగింది. ఒకనాడు పిల్లలకు చెబుతూ చెబుతూ, "కొండవ్వ గంటె కాల్చి నా చేతి మీద" అని ఆగిపోయింది. చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నది. కళ్లలో నీళ్లు తిరిగినయి.

"నేను గాదు. గాడ ఇంకో పిల్ల ఉండె" అన్నది.

"ఎవరు టీచరమ్మా?" అని అడిగిన్రు పిల్లలు.

విమలమ్మ వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే వెతికి చూసింది.

"పేరు యాదికొస్తలేదు బిడ్డా" అన్నది.