కొండకు పోయే చాకు

మా కుట్టుకొట్లో కత్తిరింపు బల్ల ఖాళీగా ఉండడం అరుదు. ఆ రోజు మధ్యాహ్నం మాత్రం నా మనవరాలు బట్టలన్నీ తీసి పక్కన పెట్టి, బల్ల నిండా కత్తులు పరిచింది. తోలు ఒరలో పెద్ద కత్తి, మెరిసే పిడి ఉన్న మడత చాకు, మడత రంపం, కట్లు కత్తిరించే కత్తెర, దారం తుంచే బుల్లి కత్తెర, పళ్లకని ఇంకో చాకు, తాళ్లకని వంపు బ్లేడు. పరీక్షకు ముందు పుస్తకాలు సర్దుకున్నట్టు ఒకటి అటూ ఒకటి ఇటూ జరుపుతోంది.

నా మనవరాల్ని మా వీధి వీధంతా పిడుగు అంటుంది. తెల్లారితే కొండకు ప్రయాణం. ఇంతకాలం అది నడక బృందంలో అందరికంటే చివర నడిచేది. వెనకబడ్డవాళ్లను కూడగట్టుకు రావడం, గిన్నెలు మొయ్యడం దాని పని. ఈసారి కొత్తగా చేరిన జట్టుకు ముందు నడిచే మనిషి కావాలి. ఆ మనిషి ఎవరో బస్సెక్కే ముందు సంచులు విప్పించి చూసి చెబుతానంది బృందం పెద్ద. ఆవిడను మా ఇంట్లో కొండ మేడం అంటాం. చూడ్డానికి బడిపంతులమ్మలా నెమ్మదిగా ఉంటుంది గానీ, సంచిలో అక్కర్లేని చెంచా కనిపించినా ఊరుకోదట. ముందు నడిచే మనిషి అందరి కోసం తాడు, మందుల పెట్టె, పొయ్యి మోయాలి. అందుకని సొంత సామాను తేలిగ్గా ఉండాలి. అలాగని ఏదీ తక్కువ పడకూడదు. తేడా వస్తే మళ్లీ గిన్నెలే.

ఆ పని దానికి రావాలనీ ఉంది నాకు, రాకపోతే బాగుండుననీ ఉంది. ఎవరు గడప దాటినా తిరిగొచ్చేదాకా నా చూపు వీధి మీదే. దాని తాత దారపు కండెలు తెస్తానని పక్కవీధికి వెళ్లిన మనిషి, మళ్లీ నడిచి రాలేదు. అప్పట్నుంచి బయల్దేరేవాళ్ల సంచిలో ఏదో ఒకటి కుక్కితే గానీ నా చేతులు ఊరుకోవు. పాత కొలతల పుస్తకాల్లో అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. ఏ పుస్తకం దొరికినా అట్ట నుంచి అట్ట దాకా వదలను. కొండలెక్కడం గురించి ఒక పుస్తకం సంపాదించి, అందులో ప్రమాదాల అధ్యాయం రెండోసారి కూడా చదివేశాను. ఆ బల్ల మీది కత్తుల్లో సగం ఆ అధ్యాయం పుణ్యమే.

మిగతా సగం మా కొట్టు పద్ధతి. మా దగ్గర ఒక్కో పదునుకు ఒక్కో పని. బట్ట కత్తెరతో కాగితం ముట్టుకోకూడదు. కాగితం కత్తెరతో దారం తెంపకూడదు. కాజాలు కోసేది కాజాలే కోయాలి. బట్ట కత్తెరతో ఎవరైనా అట్టముక్క కత్తిరిస్తే ఆ పూట వాళ్లకు నా నోటి నుంచి మంచిమాట రాదు. పిడుగు ఈ కొట్లోనే పాకింది, ఈ కొట్లోనే నడిచింది. దాని తల్లికి ఆస్పత్రిలో డ్యూటీలు. కాబట్టి దానికి తెలిసిన లోకంలో తాడు కోసే చాకు పండు కోయదు, పండు కోసే చాకు కట్టు కోయదు. ఏ పనికి ఆ కత్తి పట్టుకెళ్లాలనుకుంటే కొండకు గాడిద కావాలి.

అప్పుడే మా మరిది వచ్చాడు, చంకలో చిన్న గొడ్డలితో. వడ్రంగం మానేసి చాలాకాలమైనా చేతిలో ఏదో ఒక పనిముట్టు లేకుండా వీధిలోకి రాడు.

"ఏంటి వదినా, కుట్టుపని మానేసి దోపిడీలకు దిగారా?" అన్నాడు బల్ల చూసి.

గొడ్డలి ఎందుకని అడిగితే, అడ్డంగా చెట్టు పడిందనుకో, అప్పుడెలా అన్నాడు. చెట్టు పడితే పక్కనించి నడుస్తాం చిన్నతాతా, అంది పిడుగు. పక్కన లోయ ఉంటేనో, అన్నాడు ఆయన. నాకు కొత్త భయం పట్టుకుంది. ఆ పుస్తకంలో లోయల గురించి వేరే అధ్యాయమే ఉంది. గొడ్డలి కూడా బల్ల మీదకు చేరింది.

పిడుగు అన్నీ సంచిలో వేసి భుజానికెత్తుకుంది. తాడు, మందుల పెట్టె, పొయ్యి ఇంకా ఎక్కనే లేదు, అప్పటికే నడుం వంగింది. ఒక్క అడుగు వేసి ఆగిపోయింది. దించి కుర్చీలో కూలబడింది.

"ఇంక గిన్నెలే అమ్మమ్మా," అంది మెల్లగా.

ఆ మాట వినగానే నాలో భయం ఒక పక్కకు తప్పుకుని దర్జీ ముందుకొచ్చింది. చేతికొచ్చిన బట్ట సరిపోదని ఏడ్చేవాళ్లను నేను ఎంతమందిని చూశానో. బట్ట ఎప్పుడూ సరిపోదు. కొలిచి, అవసరం లేనిది వదిలేస్తే సరిపోతుంది. లేచి తలుపు వారగా వేశాను.

"కూర్చోకు. కొండ మీద నువ్వు నిజంగా ఏమేం కోశావో గుర్తుచేసుకుని, అవన్నీ ఈ బల్ల మీద పెట్టు. పుస్తకంలో ఉన్నవి కాదు, నీ చేత్తో కోసినవి," అన్నాను.

అది ఆలోచించి ఒక్కొక్కటే తెచ్చింది. డేరా తాడు ముక్క, గట్టి ప్లాస్టిక్ పొట్లం, రొట్టె, పండు, మడమకు అంటించే పట్టీ, గాయాల గుడ్డచుట్ట, తెగిన సంచి తోలుపట్టీ. కట్టెలేవి అన్నాడు మా మరిది. పైన మంట వేయనివ్వరని, పొయ్యి మీదే వండుకుంటామని చెప్పింది. అంతటితో గొడ్డలికీ రంపానికీ పని పోయింది. ఆయన గొడ్డలిని మళ్లీ చంకలో పెట్టుకుని, కొండలు కూడా ఈ మధ్య మరీ సుకుమారంగా తయారయ్యాయని సణుక్కున్నాడు.

పెద్ద కత్తితో పండు కోయమన్నాను. సగం పండు గుజ్జయింది. పొట్లం చింపమన్నాను. పొట్లంతో పాటు లోపలి గింజలు గది నిండా పరుచుకున్నాయి. ఆ కత్తి నడుముకు కట్టుకుంటే ధైర్యంగా ఉంటుందమ్మమ్మా, అంది. ధైర్యం బరువెంతో చూసుకో అన్నాను. నవ్వి, దాన్ని తనే పక్కన పెట్టింది.

మెరిసే పిడి చాకంటే దానికి ప్రాణం. నాలుగు రకాలుగా తిప్పి చూపించింది. నేను తీసుకుని తోలుపట్టీ మీద పెట్టి గట్టిగా నొక్కాను. చాకు అలుగు పుటుక్కున వెనక్కి మడుచుకుని నా చూపుడువేలి పక్కనే మూసుకుంది. తెరిచాక నిలబెట్టే గొళ్లెం దానికి లేదు. వేలు తెగలేదు. గోరు అంచు మాత్రం గీసుకుంది. పిడుగు ముఖం తెల్లబోయింది.

"తడిచేత్తో, వణికే చేత్తో ఇది పట్టుకుంటే ఏమవుతుందో తెలిసిందిగా. అందమైన వస్తువే. ఇంట్లో పళ్లు కోసుకుందాం," అన్నాను.

అప్పుడు మా మరిది జేబులోంచి ఒక మడత చాకు తీశాడు. చెక్క పిడి, ఎక్కడా మెరుపు లేదు. అలుగు అరచేతి వెడల్పు కంటే పొడవుండదు. తెరవగానే టక్కుమని గొళ్లెం పడింది. నొక్కితే కదల్లేదు. పెన్సిళ్లు చెక్కుకునే చాకది. వడ్రంగం మానేసినా పెన్సిళ్లు చెక్కడం మానలేదాయన.

"నా పెన్సిళ్లకు దీని చెయ్యి అలవాటు. జాగ్రత్తగా తిరిగి తీసుకురా," అన్నాడు. ఇస్తున్నానని అనలేదు, తిరిగి తీసుకురా అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది.

ఆ చాకుతో పిడుగు తాడు కోసింది, తోలు కోసింది, పొట్లం చక్కగా తెరిచింది. రొట్టె దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూసింది. తాడు కోసిన చాకుతో రొట్టె. ఈ కొట్లో ఆ పని ఇంతవరకూ ఎవరూ చేయలేదు. నాకు కూడా ఒళ్లు జలదరించింది, అబద్ధమెందుకు. చాకు దాని చేతిలోంచి తీసుకుని, తడిగుడ్డతో రెండు పక్కలా తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడిచి, రొట్టె నేనే కోశాను. ముక్క నోట్లో వేసుకున్నాను. రొట్టెలాగే ఉంది.

"వదిన బట్ట కత్తెరతో కాగితం కత్తిరించే రోజు కూడా చూస్తానేమో," అన్నాడు మా మరిది ఇంకో ముక్క అందుకుంటూ.

ఆ ఒక్కటీ నీ జన్మలో చూడవన్నాను.

ఇక కట్ల కత్తెర. చాకే అన్నీ కోస్తుంటే కత్తెరెందుకు, అదీ తీసేస్తాను అంది పిడుగు హుషారొచ్చి. అక్కడ మాత్రం నేను ఒప్పుకోలేదు. దాన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, మడమకు పట్టీ అంటించి, పైన గుడ్డ చుట్టి, కాలు కాస్త ఆడిస్తూ ఉండమన్నాను. నొప్పి పుట్టిన మనిషి కాలు కదలకుండా పెట్టడు కదా. చాకు పెట్టి ఆ గుడ్డ కోయమన్నాను మా మరిదిని. ఆయన రెండుసార్లు దగ్గరకు తెచ్చి, నావల్ల కాదని చాకు మడిచేశాడు.

ఒంటి మీద బట్ట సరిచేసేటప్పుడు నేనేం చేస్తానో దానికి చూపించాను. మొన మొద్దుగా ఉన్న ఆ కట్ల కత్తెర తీసుకుని, చర్మానికీ అలుగుకూ మధ్య నా వేలు ముందు దూర్చి, వేలి వెంట కత్తెర నడిపించాను. తెగితే ముందు నా వేలు తెగాలి, వాళ్ల ఒళ్లు కాదు. ఇన్నేళ్లలో ఎవరి ఒంటి మీదా గీత పడలేదు. మూడోసారికి దాని చెయ్యి కుదిరింది. పళ్ల చాకు, వంపు బ్లేడు, బుల్లి కత్తెర సొరుగులోకి వెళ్లాయి. సంచిలోకి చెక్కపిడి చాకు, మొద్దుమొన కత్తెర వెళ్లాయి. అంతే. ఇంకేదీ పెట్టలేదు. నా చేతులు ఊరికే ఒళ్లో ఉండలేక, ఆ రెండింటికీ సాన పట్టాను.

పొద్దున్నే బస్సు స్టాపుకు నేనూ వెళ్లాను. కొత్తవాళ్లు సంచులు వేలాడేసుకుని నిలబడ్డారు. ముందు నడవాలని ఆశపడ్డవాళ్లలో పిడుగుతో పాటు ఒక ఫొటోగ్రాఫరు ఉన్నాడు. మంచి కుర్రాడు, పిడుగు చాలాసార్లు చెప్పింది. కొండ మేడం కాటాకు అతని సంచి తగిలించింది. బరువు ఎక్కువేం లేదు. లోపల అంతా శుభ్రంగా ఉంది. తర్వాత పిడుగు సంచి తగిలించింది. అదీ ఇంచుమించు అంతే. నా గుండె ఆ కాటా ముల్లుతో పాటే ఊగింది.

ఆవిడ రెండు సంచుల్లోంచీ చాకులు తీసి చూసింది. పిడుగు సంచిలో కత్తెర కనబడితే, చాకుండగా ఇదెందుకంది. పిడుగు చెప్పబోయింది. ఆవిడ చెప్పనివ్వలేదు. బెంచీ మీద కూర్చుని కాలు చాపి, బూటు లేసు తనే పీటముడి వేసి బిగించింది.

"చీలమండ వాచింది. దిగడానికి ఇంకా సగం రోజు దారి ఉంది. మీరేం చేస్తారు?" అంది ఇద్దర్నీ.

ఫొటోగ్రాఫరు వెంటనే మోకాళ్ల మీద కూర్చుని చాకు తెరిచి, లేసు కోసేస్తాను, బూటు తేలిగ్గా వస్తుంది అన్నాడు. కొయ్యబోయేంతలో ఆవిడ వద్దని ఆపింది. పిడుగు వైపు తిరిగింది.

పిడుగు కూర్చుంది. చాకు తియ్యలేదు, కత్తెరా తియ్యలేదు. మా కొట్లో చిక్కుపడ్డ దారాన్ని ఎలా చూస్తుందో అలా ముడిని చూసింది. రెండు గోళ్లతో ముడి నడుమ పట్టుకుని అటూ ఇటూ నలిపి, ఒక పోగు వదులు చేసి, లాగింది. ముడి వచ్చేసింది. లేసు మొత్తం వదులు చేసి బూటు తీసింది.

"లేసు తెగ్గొడితే దిగేటప్పుడు ఏం కట్టుకుంటారు మేడం?" అంది. "వాచిన కాలికి బూటే ఆధారం. విప్పగలిగినంతసేపు విప్పుతాను. విప్పలేనిదే కోస్తాను."

కొండ మేడం మేజోడు కాలు ముందుకు చాపింది. మేజోడు మీద గుడ్డ చుట్టించుకుని, ఇప్పుడు ఇది తియ్యి అంది, కాలు కావాలనే జాడిస్తూ. పిడుగు వేలు ముందు దూరింది, దాని వెంట కత్తెర నడిచింది. గుడ్డ రెండుగా విడిపోయి కింద పడింది. మేజోడుకు చిన్న పోగు కూడా లేవలేదు. ఫొటోగ్రాఫరు వంగి చూసి, నాకూ నేర్పు అన్నాడు.

ఆవిడ తన మెడలో ఈల తీసి పిడుగు మెడలో వేసింది. "ముందు నువ్వు నడువు. అతను చివర ఉంటాడు. గిన్నెలు అతనివి."

పిడుగు నా వైపు చూసింది. నేను తలాడించాను. 

అది మొదట చేసిన పని నేను అనుకోనిది. కొత్తవాళ్లందర్నీ వరసగా నిలబెట్టి, మీ దగ్గరున్న పదునైనవన్నీ బయట పెట్టండంది. జట్టుకు ఒక చాకు, ఒక కత్తెర చాలు, అవి నా దగ్గరున్నాయంది. సంచుల్లోంచి ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఒక బ్యాంకు ఉద్యోగి మోచేతి దాకా ఉన్న కత్తి తీశాడు. ఒకామె వంటింటి చాకు దినపత్రికలో చుట్టి తెచ్చుకుంది. ఒకాయన గడ్డం గీసుకునే కత్తి కూడా తెచ్చాడు. కొండ మీద ఎవరికి నున్నగా కనబడాలని, అంది వాళ్లావిడ పక్కనుంచి.

"దీంతో ఏం కోద్దామనుకున్నారు?" అని పిడుగు ప్రతివాళ్లనూ అడిగింది, నిన్న నేను అడిగినట్టు విసురుగా కాదు, మర్యాదగా. బ్యాంకు ఉద్యోగి ఆలోచించి, ఏమో, ఉంటే మంచిదని, అన్నాడు. ఆయన ముఖంలో నా ముఖమే కనిపించి నవ్వొచ్చింది.

వాళ్లందరి కత్తులూ నా చేతిసంచిలో పడ్డాయి. మా అమ్మమ్మ దగ్గర ఉంటాయి, తిరిగొచ్చాక కొట్టుకొచ్చి తీసుకెళ్లండి, అంది పిడుగు. మా కొట్టు ఎక్కడో ఫొటోగ్రాఫరు వాళ్లకు దారి చెప్పాడు. బ్యాంకు ఉద్యోగి నా దగ్గరకొచ్చి, అది కొత్త కత్తి అమ్మా, కాస్త జాగ్రత్త అన్నాడు. మీరు జాగ్రత్తగా రండి, దానికేం కాదు అన్నాను.

బస్సు కదిలింది. పిడుగు ముందు సీట్లో కూర్చుని ఈల సర్దుకుంటోంది. వెనక్కి తిరిగి చెయ్యి ఊపలేదు. వెనక సీట్లవాళ్లను లెక్కపెట్టుకుంటోంది. అది దాని పని.

కొట్టుకొచ్చి సంచి బల్ల మీద బోర్లించాను. బట్టలకు కట్టినట్టే ఒక్కో కత్తికీ గుడ్డముక్క కట్టి, గుర్తున్నంతవరకు ఎవరిదేదో రాస్తున్నాను. మా మరిది గుమ్మంలో నిలబడి చూశాడు.

"పిల్లకు పని దొరికిందా?"

"దొరికింది."

"మరి ఇవన్నీ ఏంటి వదినా?"

"కొండకెళ్లినవాళ్లవి. అందరూ వీటి కోసం ఇక్కడికే రావాలి," అన్నాను.

ఆయన లోపలికొచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చుని, సానరాయి మీద నీళ్లు చిలకరించాడు. దినపత్రికలో చుట్టిన వంటింటి చాకు మరీ మొద్దుబారి ఉంది. ముందు దాన్ని అందించాను.