ఈశాన్యంలో ఎండ

ఎండలో పెట్టుకునే వస్తువుకు కూడా వాస్తు చూశారా అని ఇప్పుడు ఎవరైనా నవ్వొచ్చు. అప్పుడు నవ్వినవాళ్ళు లేరు. రాష్ట్రం రెండు కావాలా, ఒకటిగానే ఉండాలా అని దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నవాళ్ళు మాటలు మానేసిన రోజులవి. ఈశాన్యంలో బరువు పెట్టకూడదన్న దగ్గర మాత్రం రెండు పక్షాలదీ ఒకటే మాట.

అమ్మాజీ భర్త పట్టాభి కోచింగ్ సెంటర్లో ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పి, చివరికి ఊపిరితిత్తులు చెడి మంచాన పడ్డాడు. ఆక్సిజన్ మిషన్ గొట్టం ముక్కుకు పెట్టుకుంటేనే పూట గడిచేది. ఆ మిషన్‌కు కరెంటు కావాలి. కరెంటు పోతే ఆయనకు గాలి లేదు. అందుకే శ్రావణంలో డాబా మీద సోలార్ ప్యానెళ్ళు, మెట్ల కింద బ్యాటరీలు పెట్టించి తీరాలని అమ్మాజీ పట్టుబట్టింది.

ఎల్బీ నగర్‌లో ఇన్వర్టర్ల షాపు నడిపే దశరథ వచ్చాడు. నల్లగొండ పల్లె నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. ఇన్వర్టర్లు ఎన్నో ఇళ్ళలో బిగించాడు గానీ సోలార్ అతనికీ కొత్తే. డాబా అంతా కలియదిరిగి ఈశాన్యం మూల ఆగాడు.

“ఎండ మంచిగ పడేది గీడనే అమ్మా. గని ఈశాన్యం గదా. మా ఊర్ల గూడ ఈ మూలకు బరువు పెట్టరు. ఏం చెయ్యమంటరో చెప్పుండ్రి.”

పక్కింటి భానుమూర్తి పిట్టగోడ మీదుగా తల పెట్టాడు. అడిగినా అడక్కపోయినా వాస్తు చెప్పే మనిషి. “ఈశాన్యంలో బరువా? ఇంటి యజమాని ప్రాణానికే ముప్పు తల్లీ. నడుమ పెడదామంటే బ్రహ్మస్థానం. నైరుతిలో నీళ్ళ ట్యాంకు పక్కన పెట్టించు, బరువు ఉండాల్సింది అక్కడే,” అన్నాడు.

ఇంటి యజమాని అన్న మాటకే అమ్మాజీ గుండె జారిపోయింది. ఇదంతా ఎవరి ప్రాణం కోసమని? నైరుతిలోనే బిగించమంది. ఆ సంగతి విని పట్టాభి మంచం మీంచే నవ్వాడు.

“ఊపిరికి దిక్కులు తెలియవు అమ్మాజీ.”

“మీరు ఊరుకోండి. అన్నీ లెక్కలతో తేలవు,” అందావిడ.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. కరెంటు ఉన్నంతసేపూ కరెంటే బ్యాటరీలను నింపేది కాబట్టి, ఎండ చేస్తున్న పనేమిటో ఎవరూ చూడలేదు. తర్వాత సకల జనుల సమ్మె వచ్చింది. బొగ్గు ఆగింది, బస్సులు ఆగాయి. కరెంటు చెప్పి కొంతసేపు, చెప్పకుండా మరికొంతసేపు పోవడం మొదలెట్టింది. ఎండ అక్కరకు రావాల్సిన రోజులవి. పొద్దున ప్యానెళ్ళ మీద ట్యాంకు నీడ. మధ్యాహ్నం దాటితే భానుమూర్తి కొత్తగా లేపుతున్న అంతస్తు నీడ. ముసురు పట్టింది కదా, తెరిపిస్తే సర్దుకుంటుందిలే అని అమ్మాజీ తనకు తానే చెప్పుకుంది.

ఒక మధ్యాహ్నం మిషన్ కుయ్‌మని అరిచి ఆగిపోయింది. ఇంట్లో ఉన్న సిలిండర్ ముందురోజే అయిపోయింది, కొత్తది తెచ్చే బండి బంద్‌లో చిక్కుకుంది. అమ్మాజీ విసనకర్రతో విసురుతూనే ఉంది. విసనకర్ర గాలి ఆ రోగానికి ఏ మూలకు? పట్టాభి పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. కరెంటు తిరిగొచ్చి ప్రాణం నిలబడింది గానీ, ఆయన మళ్ళీ దిండు మీంచి తల ఎత్తలేదు. ఎదురింటి పెంటమ్మను ఆయన దగ్గర కూర్చోబెట్టి, అమ్మాజీ దశరథ కోసం నడుచుకుంటూ ఎల్బీ నగర్ బయల్దేరింది.

చౌరస్తాలో వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద పొయ్యిలు, డప్పులు, గులాబీ కండువాలు. దశరథ పెద్ద గంజులో అన్నం కలుపుతున్నాడు. “బాబూ దశరథా, ఆయనకి ఊపిరి ఆడట్లేదయ్యా!” అని అమ్మాజీ కేకేసింది. ఆ కోస్తా యాస విని ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూశారు. దశరథ గరిటె పక్కవాడి చేతికిచ్చాడు.

“మా సార్ ఇంటామె. నేను జర పోయొస్త,” అని ఇంకో మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు.

డాబా ఎక్కి నీడను చూసి నెత్తి పట్టుకున్నాడు. “ఒక్కదాని మీద నీడ పడ్డా నాలుగూ పండుకుంటున్నయమ్మా. నాకు సుత తెల్వలే. ఈశాన్యం తప్ప ఇంకో జాగ లేదు.”

అమ్మాజీ ఆ మూల కొబ్బరికాయ కొట్టి, “ముప్పేదో నాకే రానీ స్వామీ,” అని దండం పెట్టుకుని, మార్చమంది.

మర్నాటి ఎండకు బ్యాటరీలు నిండాయి. కోత వచ్చినా మిషన్ ఆగలేదు. ఆ గురగుర వింటూ అమ్మాజీ ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపోయింది. కానీ ఆ వారం దాటకుండానే పట్టాభి పోయాడు. పోయేటప్పుడు కూడా మిషన్ నడుస్తూనే ఉంది.

పరామర్శకు వచ్చిన భానుమూర్తి ముందు డాబా ఎక్కి చూసి, తర్వాత దిగి వచ్చాడు. “నేను చెప్పనే చెప్పాను. ఈశాన్యం ఊరుకుంటుందా తల్లీ!” అని నిట్టూర్చాడు. వచ్చినవాళ్ళంతా తలలాడించారు. గుమ్మం దగ్గర నిలబడ్డ దశరథ ఒక్కడే, “ముందుగాల్నే గీడ పెట్టుంటే...” అని, అమ్మాజీ ముఖం చూసి మిగతాది మింగేశాడు.

భానుమూర్తి మాట నిజమైతే మార్పించి చంపుకుంది. దశరథ మాట నిజమైతే ముందే అక్కడ పెట్టించక చంపుకుంది. ఎటు చూసినా ఆ చెయ్యి తనదే. ఈ ముడి విప్పి చెప్పగలిగిన లెక్కల మాస్టారు చాప మీద పడుకుని ఉన్నాడు.

దినాలయ్యాక దశరథ మళ్ళీ వచ్చాడు. అరుగు మీద కూర్చుని కాసేపు నసిగాడు.

“అమ్మా, అందరు గట్లంటున్నరు. ఆ మూలకెంచి తీసెయ్యమంటరా?”

అమ్మాజీ డాబా వైపు చూసింది. పైన ఎండ దండిగా కాస్తోంది. మెట్ల కింద బ్యాటరీ నిండిందని పచ్చలైటు వెలుగుతోంది.

“ఉండనీ బాబూ,” అంది. “ముప్పు రావడానికి ఇంక ఈ ఇంటికి యజమాని ఎవరున్నారు?”