కంప్యూటర్‌లో పండుగాడు

పలాసలో యుగంధర్ తన కంప్యూటర్ సెంటరు మూసేసి జీడిపప్పు వ్యాపారంలోకి దిగిన ఏడాది, సెంటర్లోని కంప్యూటర్లు ఒక్కొక్కటిగా చుట్టాల ఇళ్లకు చేరాయి. అందులో ఒకటి కవిటి అవతల కొబ్బరితోటల మధ్య ఉన్న జోగారావు ఇంటికి వచ్చింది. జోగారావు భార్య దాలమ్మ యుగంధర్‌కి స్వయానా చెల్లెలు. వ్యాన్‌లో గడ్డి పరిచి, కొత్త పెళ్లికూతుర్ని తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చి దాన్ని ముందుగదిలో దింపారు.

జోగారావు కొబ్బరికాయల వ్యాపారి. కాయలు లారీలకెత్తించి ఊళ్లకు పంపడం ఆయన పని. అందుకు కంప్యూటర్ అక్కర్లేదు. కానీ ఇంటికొచ్చిన వస్తువును ఊరికే కూర్చోబెట్టడం ఆయనకు చేతకాదు. టెక్కలిలో డిగ్రీ చదువుతున్న యుగంధర్ కూతురు సంధ్య ఓ ఆదివారం వచ్చి, దాన్ని ఎలా వెలిగించాలో, ఎలా ఆర్పాలో, ఏ లోడు ఎక్కడికి పోయిందో ఎలా టైపు చేసుకోవాలో నేర్పింది. ఆయన ఒక వేలితో, నాలిక కరుచుకుని, శ్రద్ధగా నేర్చుకున్నాడు. రాయడం వచ్చింది. రాసింది ఎక్కడ దాచాడో మాత్రం మర్నాటికి గుర్తుండేది కాదు. మళ్లీ సంధ్యకు ఫోను చేసేవాడు.

మరోసారి వచ్చినప్పుడు సంధ్య అంది, "మావయ్యా, నువ్వు దాసింది నీకే దొరకదు. దీనికో మందుంది సూడు."

స్టార్ట్ నొక్కి, సెర్చ్ నొక్కింది. తెరమీద ఎడమపక్కన పసుపురంగు కుక్క ఒకటి వచ్చి కూర్చుని తోకాడించింది.

"ఇదేటే?" అన్నాడు జోగారావు.

"ఎతికే కుక్క. పేరు సగం గుర్తున్నా సాలు. ఇక్కడ కొట్టు. ఏ మూలనున్నా తెచ్చి ముందెడతాది."

జోగారావు 'లోడు' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. కుక్క కాసేపు ఏదో పుస్తకం తిరగేసినట్టు చేసింది. ఆయన నెలరోజులుగా పోగొట్టుకున్నవన్నీ తెరమీద వరసగా వచ్చి నిలబడ్డాయి. ఆయనకు ఎంత సంబరం వేసిందంటే, ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర నలుగురిలో, "మా ఇంట్లో ఓ కుక్కుంది. ఏటి పోయినా ఎతికి తెత్తాది," అనేశాడు. కంప్యూటర్ లోపల పోయినవి మాత్రమే అని చెప్పడం మరిచిపోయాడు. మరిచిపోయాడో, చెబితే పస తగ్గిపోతుందనుకున్నాడో, ఆయనకే తెలియాలి.

దాలమ్మకు అప్పటిదాకా కంప్యూటరంటే ఊడ్చేటప్పుడు అడ్డొచ్చే బల్ల. ఓ రోజు టీ ఇవ్వడానికి వచ్చి కుక్కను చూసి ఆగిపోయింది.

"ఎవలిదిది?"

"మనదే. దీంతోటే వచ్చింది."

"ఏటి తింటాది?"

జోగారావు లెక్కల్లో ఉన్నాడు. విసుగ్గా, "కరెంటు," అన్నాడు.

దాలమ్మ వంగి దాన్ని తేరిపార చూసింది. "అందుకే అలగ పీక్కుపోయింది," అంది.

ఆ రోజు నుంచి ఆవిడకు సాయంత్రం పని తొందరగా తెమిలిపోయేది. పీట తెచ్చుకుని తెర ముందు కూర్చునేది. కుక్క చెవి గోక్కుంటే, "గోమారి పట్టినట్టుంది," అనేది. దానికి పండుగాడని పేరు పెట్టింది. కరెంటు పోయిన రోజుల్లో ఫ్యాను గురించి ఊరంతా బాధపడితే ఆవిడ, "పొద్దున్నుంచి కరెంటు లేదు. ఆడి కడుపెలగుందో," అని బాధపడేది. అది బొమ్మ అని జోగారావు రెండు మూడుసార్లు చెప్పాడు. "బొమ్మైతే తోకెందుకాడిత్తాది?" అని ఆవిడ అడిగింది.

మొగుడు టీకొట్టు దగ్గర, పెళ్లాం కుళాయి దగ్గర చెప్పిన మాట కలిసి ఊరు తిరిగింది. ఓ పొద్దున్నే పెంటయ్య వచ్చాడు. జోగారావు ఇంటికి మూడిళ్లవతల ఉంటాడు. అతని గేదె తప్పిపోయి వారమైంది. సముద్రపు ఒడ్డు వరకూ వెతికాడు, ఇచ్ఛాపురం సంత చూసొచ్చాడు. చేతిలో గేదె పలుపు ఉంది. వెనక సగం వీధి ఉంది.

"మావా, నీ కుక్క సేత ఓపాలి ఎతికించు," అన్నాడు.

జోగారావు ఇది అలాంటి కుక్క కాదని చెప్పడానికి నోరు తెరిచాడు. గుమ్మంలో టీకొట్టువాడు నిలబడి ఉన్నాడు. నోరు మూసుకుని కంప్యూటర్ వెలిగించాడు.

పండుగాడు వచ్చి కూర్చున్నాడు. "అదిగో," అని జనం ముందుకు తోసుకున్నారు. పెంటయ్య గబుక్కున పలుపు తీసుకెళ్లి తెరకు ఆనించాడు.

"ఏటి సేత్తన్నావురా?"

"వాసన సూపిత్తన్నాను మావా. వాసన తెలీకపోతే ఎలగెతుకుద్ది?"

సరిగ్గా అప్పుడే కుక్క తలొంచి అటూ ఇటూ ఆడించింది. అది గంటకు పదిసార్లు చేసే పనే. జనం మాత్రం, "పట్టిందిరా వాసన," అని ఊపిరి బిగబట్టారు. జోగారావు 'గేదె' అని కొట్టాడు. కుక్క వెతికింది. ఏమీ దొరకలేదని తెరమీద ఇంగ్లీషులో పడింది. ఆ ఇంగ్లీషు జోగారావొక్కడికే అర్థమైంది. "ఎతుకుతోంది, ఉండండి," అని చెప్పి, పక్కగదిలోకి వెళ్లి సంధ్యకు ఫోను చేశాడు.

సంధ్య చాలాసేపు నవ్వింది.

"నవ్వకే. వీధంతా ఇక్కడే ఉంది. పరువు పోయేలాగుంది."

"సరే మావయ్యా, తేదీతో ఎతికించు. గేదె పోయిన తేదీ కొట్టు. ఆ రోజువి ఏవో కొన్ని వత్తాయి. అవి సూపించి, కుక్క అలిసిపోయిందని సెప్పి పంపీ."

జోగారావు తిరిగొచ్చి, "ఎప్పుడు పోయిందిరా?" అని అడిగాడు.

"పోయిన శుక్రవారం. కాలవతలి ఊళ్లో అప్పన్న కొత్తింట్లోకి దిగినాడు సూడు, ఆ రోజు."

జోగారావు ఆ తేదీ పెట్టి నొక్కాడు. కుక్క వెతికింది. ఈసారి బొమ్మలు బిలబిలమంటూ వచ్చి పడ్డాయి. అన్నీ ఫొటోలు. అప్పన్న దాలమ్మ పిన్ని కొడుకు. అతని గృహప్రవేశానికి యుగంధర్ కొత్త కెమెరాతో వచ్చి కనిపించినవన్నీ తీశాడు. సంధ్య వాటిని ఈ కంప్యూటర్లో ఎక్కించి వెళ్లిన సంగతి జోగారావుకు ఇప్పుడు గుర్తొచ్చింది.

ఇక చేసేదేముంది, ఒక్కొక్కటే తెరిచి చూపించాడు. పాలు పొంగించడం, పురోహితుడు, వంటవాళ్లు. జనం గేదెను మరిచిపోయి ఎవరు ఏ చీర కట్టారో చూడడంలో పడ్డారు. తర్వాతి ఫొటోలో షామియానా కింద చుట్టాలందరూ ఉన్నారు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో, భుజాన కండువాతో, జోగారావే నిండుగా కూర్చుని ఉన్నాడు. ఆయన భుజం మీదుగా ఓ నల్లటి మొహం తొంగిచూస్తోంది. ఒక కొమ్ము కిందికి వంగింది. నోట్లో ఎంగిలి విస్తరాకు వేలాడుతోంది.

"నా నీలి," అన్నాడు పెంటయ్య.

అందరూ గేదెను చూశారు, దాని ముందున్న జోగారావును చూశారు, తర్వాత కుర్చీలో ఉన్న జోగారావును చూశారు.

"మావా, నీ ఎనకాలే ఉంది కదేటి," అన్నాడు పెంటయ్య.

"నాకు ఎనకాల కళ్లున్నాయేట్రా?"

దాలమ్మ తెర అంచును కొంగుతో తుడుస్తూ, "కళ్లెందుకు, కుక్కుంది కదా," అంది.

పెంటయ్య కాలవ దాటి వెళ్లేసరికి నీలి అప్పన్న పెరట్లో హాయిగా నెమరువేస్తోంది. భోజనాలప్పుడు వచ్చిందట, పోలేదట. ఎవరో చుట్టాలదై ఉంటుందని, మర్యాదగా కట్టేసి కుడితి పెడుతున్నాడట అప్పన్న. మర్నాడు పెంటయ్య చెంబుతో పాలూ, ఓ బంతిపూల దండా తెచ్చాడు. పాలు దాలమ్మకిచ్చి, దండ మానిటర్‌కు వేశాడు. పక్కింటి కన్నమ్మ వచ్చి దానికి కుంకంబొట్టు పెట్టింది. అది సరిగ్గా తెర మధ్యలో పెట్టడంతో, ఆ తర్వాత జోగారావు ఏ అంకె చూసినా ఎర్రగానే కనిపించేది.

ఇంక జనం ఆగలేదు. చెవిదిద్దు పోయినవాళ్లు, ఒంటి చెప్పు పోయినవాళ్లు. కన్నమ్మ పోగొట్టుకున్నదేమీ లేదు, కొడుక్కి పిల్లను వెతికిపెట్టమంది. "తెల్లగుండాలని కొట్టు బావా. కాసింత వంటొచ్చినాదని కూడా కొట్టు." వజ్రపుకొత్తూరు నుంచి ఆటోలో దిగిన పెద్దతల్లి అనే ముసలావిడ తనకు ఒకప్పుడు మంచి నిద్ర పట్టేదని, ఇప్పుడది ఎక్కడికి పోయిందో చూడమంది.

ఓ మధ్యాహ్నం బాప్టిస్టు చర్చి పెద్ద నతానియేల్ గారు తెల్లచొక్కాతో వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. "జోగారావు గారూ, ఈ బొట్లూ దండలూ మాకు కుదరవు. అది మీకు తెలుసు. కానీ హార్మోనియం పెట్టె తాళంచెవి కనపడ్డంలేదు. రేపు ఆదివారం." ఎండన పడి వచ్చారేమో, చెమట తుడుచుకోవడానికి జేబులోంచి రుమాలు లాగారు. తాళంచెవి ఠంగుమని గచ్చుమీద పడింది. కంప్యూటర్ అప్పటికి ఇంకా వెలిగించనేలేదు. ఆయన దాన్ని తీసుకుని, చీకటిగా ఉన్న తెరవైపు ఒకసారి తలపంకించి వెళ్లిపోయారు.

మర్నాటి నుంచి వీధిలో ఆటోలు పెరిగాయి.

జోగారావుకు లారీల సంగతి చూసుకునే తీరిక లేకుండా పోయింది. టెక్కలికి పోవాల్సిన కాయలు ఒకసారి రావివలస పోయాయి. ఆయన సంధ్యకు ఫోను చేసి, "ఈ కుక్కని వదిలించుకునే దారి సెప్పే తల్లీ," అన్నాడు. కుక్క లేకుండా కూడా వెతకొచ్చని, సెర్చ్‌లోనే దానికో మీట ఉందని సంధ్య చెప్పింది.

దాలమ్మ వంటింట్లో ఉండగా ఆయన ఆ మీట నొక్కాడు. కుక్క మాయమైపోతుందనుకున్నాడు. అలా కాలేదు. అది లేచి నిలబడింది. వెనక్కి తిరిగింది. తోక వేలాడేసుకుని నడుచుకుంటూ నడుచుకుంటూ, చిన్నదై, ఇంకా చిన్నదై, కనపడకుండా పోయింది. జోగారావు తల తిప్పి చూస్తే గుమ్మంలో గరిటెతో దాలమ్మ.

"ఏటన్నావు ఆడిని?"

"నేనేటీ అన్లేదు."

"ఏటీ అనకపోతే అలగ పోతాడా? ఎనక్కి తిరిగైనా సూడలేదు."

ఆ పూట ఇంట్లో వంకాయ కూరలో ఉప్పు లేదు. మరో పూట ఉప్పే ఉంది. ఊరిని వదిలించుకుందామనుకుంటే ఊరు ఇంకా ఎక్కువగా వచ్చింది. పరామర్శకు వచ్చారు. తిండి సరిపోలేదేమోనని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు. "ఇప్పుడు కుక్కని ఎతకాలన్నా కుక్క లేదు కదా," అని టీకొట్టువాడు నిట్టూర్చాడు. పెంటయ్యకు మాత్రం మనసు ఒప్పలేదు. నీలి పలుపు భుజాన వేసుకుని, పసుపురంగు కుక్క ఎటైనా పోతూ కనపడిందా అని తోటలన్నీ అడుగుతూ తిరిగాడు. సాయంత్రానికి నిజంగానే ఓ పసుపురంగు కుక్కను పట్టుకొచ్చాడు. అది కవిటి కసాయి కొట్టు దగ్గరిది. దాలమ్మ దాన్ని చూసి, "ఈడు కాదు," అని తలుపు వేసుకుంది.

జోగారావు ఇక తట్టుకోలేకపోయాడు. కంప్యూటర్ ముందు కూర్చుని, కనపడిన మీటలన్నీ నొక్కడం మొదలుపెట్టాడు. దాలమ్మ చూడనట్టు తలుపు పక్కన బియ్యం ఏరుతోంది. కాసేపటికి తెరమీద, కుక్క కూర్చునే చోట, ఎవరో వచ్చారు. దాలమ్మ చేట వదిలేసి పరుగెత్తుకొచ్చింది. వచ్చింది కుక్క కాదు. పొడుగు టోపీ, తెల్లగడ్డం ఉన్న మంత్రగాడు.

ఆవిడ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, "ఎవలీ ముసలాయన? ఆయన్ని పంపీ," అంది.

ఆయన్ని పంపేశాడు. తర్వాత ఓ పడుచుపిల్ల వచ్చింది. చిన్న బండిలో కూర్చుని జోగారావును చూసి నవ్వింది. జోగారావు కూడా, ఎంతైనా ఇంటికొచ్చిన మనిషి కదా అని, కాస్త నవ్వాడు.

"ముసలాయనే నయం," అంది దాలమ్మ.

ఆయన గబగబా మళ్లీ నొక్కాడు. తెర ఖాళీ అయింది. దూరంగా ఓ పసుపుచుక్క కనపడింది. అది పెద్దదై, ఇంకా పెద్దదై, నడుచుకుంటూ వచ్చి, ఏమీ జరగనట్టు కూర్చుని తోకాడించింది. దాలమ్మ కళ్లు చెమర్చాయి. జోగారావు మొహం తిప్పుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

మర్నాడు జనం మళ్లీ వచ్చేసరికి దాలమ్మే గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "సూడ్డానికైతే రండి. పని సెప్పడానికైతే రాకండి. పని ఎక్కువయ్యే మొన్న ఎల్లిపోయినాడు ఆడు." అలా అంటే ఊళ్లో ఎవరూ తప్పుపట్టలేదు. ఆ మాట నిజమేనని అందరికీ అనిపించింది. కన్నమ్మ ఒక్కతే, పిల్ల సంగతి ఏమైందని గొణిగి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం దాలమ్మ తానే కుర్చీలో కూర్చుంది. ఎక్కడ నొక్కాలో అడిగింది. జోగారావు చూపించాడు. ఆవిడకు ఇంగ్లీషు అక్షరాలు రావు. నచ్చిన నాలుగు మీటలు, ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు, ఒక్కొక్కటే నొక్కింది. పండుగాడు పుస్తకం తిరగేసి ఆ మూలా ఈ మూలా వెతికాడు. ఏమీ దొరకలేదని తెరమీద పడింది.

"ఏటంటన్నాడు?" అని ఆవిడ అడిగింది.

"నువ్వడిగింది ఎక్కడా లేదంట."

దాలమ్మ తెరకు దగ్గరగా వంగింది. "లేకపోతే పోనీరా," అంది. "కాసేపు కూకో."