నాలుగో పేరు

నేను ఒక ఎన్నికల పట్టీని. జపాన్‌లో ఓట్లడిగే మనిషి తన పేరున్న తెల్లగుడ్డను భుజం మీంచి నడుము దాకా వేసుకుంటాడు. ఆ గుడ్డను నేను. ఇప్పుడు మ్యూజియంలో అద్దాల పెట్టెలో పడి ఉన్నాను. విశ్రాంతి అంటారు గానీ ఇదేం విశ్రాంతి, రోజంతా ఎవరో ఒకరు తొంగిచూస్తూనే ఉంటారు.

పుట్టుక చెప్పుకోవాలంటే, యుద్ధంలో మిగిలిపోయిన పారాచూట్ పట్టును. ఊళ్లన్నీ బూడిదైన రోజుల్లో కురామొచి తెయిజో గారు దేశాన్ని మళ్లీ నిలబెడతానంటూ పార్లమెంటుకు నిలబడ్డారు. ఆయన భార్య నన్ను కత్తిరించి, ఇంటిపేరు ఎర్రగుడ్డతో, సొంత పేరు నల్లగుడ్డతో కుట్టింది. మీలాగే వాళ్లకీ ఇంటిపేరే ముందు. ఆయన గెలిచారు, మంత్రి అయ్యారు, పోయారు. నల్లపేరు విప్పి కొడుకు హిదెనొరి పేరు కుట్టారు. ఎర్రపేరు జోలికి ఎవరూ పోలేదు. ఓట్లు దానివి మరి.

హిదెనొరి గారు రాజధానిలో ఉంటే, ఇక్కడ నియోజకవర్గాన్ని మోసింది ఆయన కూతురు చిజురు. ఇరవై రెండేళ్ల చాకిరీ. ఎవరింట చావైనా నల్లబట్టలు కట్టుకుని మంచులో నడిచి వెళ్లేది. ఏ ముసలమ్మకు ఏ మోకాలు నొప్పో కూడా ఆమెకు తెలుసు. తండ్రి పోయాక, నలభై తొమ్మిదో రోజు కర్మ ముగిసిన మర్నాడు ఉదయం, నన్ను ఒళ్లో వేసుకుని ఆయన పేరు విప్పి తన పేరు కుట్టుకుంది. ఎవరినీ అడగలేదు. అడగాలని ఆమెకు తోచనే లేదు, పిచ్చితల్లి. నాకూ తోచలేదు. నా మీద పడ్డ కుట్లన్నిటిలోకీ అవే చక్కనివి. ఆ పూట నాకెంత సంతోషమయిందో చెప్పలేను.

మధ్యాహ్నం మద్దతుదారుల సంఘం పెద్దలు వచ్చారు. టీ తాగారు. టోక్యోలో బ్యాంకు ఉద్యోగం చేసే ఆమె తమ్ముడు తకుమాను నిలబెట్టాలని అప్పటికే తేల్చుకున్నారట. అతనికి ఇక్కడి దారులు తెలియకపోతేనేం, అక్క పక్కనుంటుంది కదా అన్నారు. అధ్యక్షుడు ఒయమద నన్ను చేతిలోకి తీసుకున్నాడు, చదివాడు. కోపం తెచ్చుకున్నా బాగుండేది.

"కుట్టు ఎంత బాగుందమ్మా," అన్నాడు. "తమ్ముడి పేరు కూడా నీ చేత్తోనే కుట్టిపెట్టు."

చిజురు టీ కప్పులు తీసింది. తర్వాత కత్తెర తెచ్చుకుంది. తన పేరును తనే విప్పింది, ఒక్కో పోగూ, నేను చిరగకుండా.

తకుమా మూడుసార్లు గెలిచాడు. ఏ ఊళ్లో ఉన్నాడో అక్క చెవిలో చెప్తే, ఇది నా సొంత ఊరు అని మైకులో అనేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. నాలుగోసారి ఓడాక నన్ను ఇక్కడికి ఇచ్చేశారు. "మూడు తరాలు, ముగ్గురు నాయకులు ధరించినది" అని కింద చీటీ పెట్టారు. నా ఒంటి మీద సూది రంధ్రాలు మాత్రం నాలుగు పేర్లవి. చూసే ఓపిక ఎవరికుంది?

మొన్న చిజురు వచ్చింది. జుట్టంతా తెల్లబడింది. చీటీ చదివి, అద్దం మీద వేలు పెట్టి ఆ రంధ్రాల వెంట మెల్లగా జరిపింది. కాపలా మనిషి దగ్గరకొచ్చి, ఆ కుటుంబం మీకు తెలుసా అని మర్యాదగా అడిగాడు.

"వాళ్లింట్లో కుట్టుపని చేసేదాన్ని," అంది.

ఆమె వెళ్లాక అతను గుడ్డ తెచ్చి, అద్దం మీద వేలి మరకను తుడిచేశాడు.