ముందే నేర్చుకున్న పది మాటలు

గొలుగొండ దగ్గర ఆ పల్లెలో ముసలాళ్లందరికీ ఇంత జ్ఞాపకం ఉంటుందని శ్రీదుర్గ అనుకోలేదు. నర్సీపట్నం నుంచి సర్వేకి వచ్చిందామె. పది మాటలు చదివి వినిపించి, కాసేపాగి ఎన్ని గుర్తున్నాయో అడగాలి. ఆ తరవాత బీపీ మాత్రల గురించి, టీకాల గురించి వాళ్లేమనుకుంటున్నారో రాసుకోవాలి. నిన్న మొదటింట్లో సింహాద్రమ్మ నాలుగే చెప్పింది. ఇవాళ వరసగా ఏడిళ్లలో పదికి పది!

ఎనిమిదో ఇంట్లో దేవుళ్లు తాత చెరకు తోట నుంచి వచ్చి కూర్చున్నాడు. శ్రీదుర్గ ట్యాబ్ తెరిచిందో లేదో, మొదలెట్టేశాడు.

"గొడుగు, మేక, బెల్లం, కిటికీ..."

"తాతా, నేనింకా సదవలేదు కదా!"

"నువ్వు సదివేదాకా ఆగితే మర్సిపోతాను గదమ్మా!"

శ్రీదుర్గకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఆ ఏడిళ్ల సంగతీ అర్థమైపోయింది. గుమ్మంలో నిలబడ్డ సింహాద్రమ్మ తనే ఒప్పేసుకుంది.

"నాలుగే అన్నానని రాసుకుపోయావు. మా ఊరోళ్లకి మతి లేదనుకోరేటి? నా పక్కనున్న మా కోడలు పదీ ఇనేసింది. జీడిపిక్కలు ఒలుస్తా అందరిచేతా అప్పజెప్పించినాను."

అలాగే పంపేస్తే ఎవరికీ తెలీదు. శ్రీదుర్గ ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి పై ఆఫీసరు రమేష్‌బాబుతో మాట్లాడింది.

"సార్, ఈ ఏడిళ్లూ కొట్టెయ్యండి. ముందే నేర్చుకున్నారు. తప్పు నాదే, పక్కన మనుషులుండగా అడిగాను."

"వేరే మాటలున్న రెండో లిస్టుతో మళ్లీ చెయ్యమ్మా. ఐదింటికల్లా అవ్వకపోతే ఆ ఊరు సర్వేలో ఉండదు."

"ఉండకపోతే ఏటవుద్ది?" అంది సింహాద్రమ్మ.

"మీకు ఎన్ని గుర్తుంటాయో తెలీకపోతే, ఆసుపత్రోళ్లు పది జాగ్రత్తలు ఒకేసారి సెప్పి ఎల్లిపోతారు పెద్దమ్మా."

"మా ఆయనకీ అలాగే సెప్పేరు. ఏ మాత్ర ఎప్పుడో ఒక్కటీ గుర్తుండేది కాదు," అంది సింహాద్రమ్మ. తరవాత కొంగు బిగించింది. "నడమ్మా, బేగి!"

ఇల్లిల్లూ తిరిగింది. కోడళ్లనీ పిల్లల్నీ బయటికి పంపేసింది. తనూ వినకుండా వీధిలో కాపలా కాసింది. ఆమె వెనక నడుస్తూ శ్రీదుర్గ, ఇలాంటి మనిషి ఊరికొకరుంటే చాలనుకుంది.

ఐదుకి పది నిమిషాలుందనగా దేవుళ్లు తాత బయటికొచ్చాడు.

"ఎన్ని సెప్పినావు మావా?"

"మూడే," అన్నాడు చిన్నబోయి.

"మూడంటే మూడే రాయమ్మా," అని లోపలికి కేకేసింది సింహాద్రమ్మ. "ఒక్కటీ కలపకు!"